కాళ్ల దగ్గరి చిన్న రేడియేటరు

జూలై ముసురులో ఒక సాయంత్రం సికింద్రాబాద్‌లో తిరుమలగిరి నుంచి ప్యారడైజ్ వైపు వస్తుంటే మా పాత జిప్సీ ముందద్దానికి ఆవిరి పట్టింది. ఏసీ లేని బండి. అలవాటు కొద్దీ హీటరు మీట జరిపి గాలిని అద్దం మీదికి తిప్పాను. మామూలుగా అయితే రెండు మూడు నిమిషాల్లో అద్దం తేటపడాలి. ఆ రోజు మరింత మసకబారింది. గుడ్డతో తుడిస్తే జిడ్డు చార మిగిలింది. బండి నిండా పాకం కాగుతున్నట్టు తీపి వాసన. ఇంటికొచ్చి పక్క సీటు ముందరి మ్యాటు ఎత్తితే కింద తడి. వేలితో తాకితే సబ్బు నీళ్లలా జారుతోంది, రంగు లేత ఆకుపచ్చ.

అది వాన నీరు కాదు. ఇంజను చుట్టూ తిరగాల్సిన కూలెంటు హీటరులోంచి కారి కాళ్ల కిందికి చేరింది.

పెట్రోలు ఇంజను మండించే ఇంధనంలోని శక్తిలో చక్రాలకు చేరేది దాదాపు పావు వంతే. మిగిలింది వేడి. అందులో కొంత పొగగొట్టం గుండా పోతుంది, ఇంచుమించు అంతే వేడిని ఇంజను గోడల చుట్టూ తిరిగే నీళ్లు మోసుకుపోతాయి. ఆ నీళ్లను ముందున్న రేడియేటరుకు పంపి గాలికి చల్లార్చడం అందరికీ తెలిసిన సంగతే. రేడియేటరు ఈ రూపానికి రావడానికి ఒక మంచి మలుపు 1900 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్ చేసిన తేనెపట్టు రేడియేటరు. ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 పక్కపక్కన పేర్చి మాటు వేసి అతికారు. కొద్ది నీళ్లను ఎక్కువ గాలికి తగిలించడమే దాని కిటుకు. మన డాష్‌బోర్డు వెనక దాగున్న హీటరు కోర్ కూడా అలాంటి రేడియేటరే, పుస్తకమంత ఉంటుంది. వేడి నీళ్లు ఒక పైపులోంచి వచ్చి, సన్నని గొట్టాల్లో తిరిగి, రెండో పైపులోంచి ఇంజనుకు వెళ్లిపోతాయి. వెనక ఫ్యాను గాలి తోస్తే అది వేడెక్కి మన కాళ్ల మీదికి, అద్దం మీదికి వస్తుంది. దీనికోసం విడిగా ఇంధనం కాల్చక్కర్లేదు. పారబోసే వేడినే పట్టి వాడుకోవడం, అంతే. నాకు ఈ యంత్రం మీద గౌరవం కలగడానికి మొదటి కారణం ఇదే.

ఈ ఆలోచన ఒక్కరోజులో కుదిరింది కాదు. షికాగోకు చెందిన మార్గరెట్ విల్‌కాక్స్ 1893 నవంబరు 28న కార్ హీటరుకు పేటెంటు పొందారు. అప్పటికి అమెరికాలో కారంటే రైలుపెట్టె. మోటారు కార్లొచ్చాక తొలి రోజుల్లో జనం దుప్పట్లు, కాచిన ఇటుకలు పెట్టుకుని ప్రయాణించేవారు. తర్వాత 1929 ప్రాంతపు ఫోర్డ్ మోడల్ ఎ కార్లలో పొగగొట్టం వేడికి తగిలిన గాలిని లోపలికి పంపే ఏర్పాటు వచ్చింది. వేడి బాగానే వచ్చేది కానీ గొట్టానికి చిల్లు పడితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ మనుషులున్న చోటికే చేరేది. అందుకే 1930ల్లో వేడి నీళ్ల హీటర్లు దాన్ని వెనక్కి నెట్టాయి. 1938లో నాష్ కంపెనీ బయటి తాజా గాలిని లోపలికి తీసుకుని వేడిచేసే ఏర్పాటుతో కార్లు అమ్మింది. నేటి ఇంజను కార్ల హీటర్లు చాలావరకు ఆ దారిలోవే.

సికింద్రాబాద్‌కు ఈ కథతో పనేమిటని అనుకోవచ్చు. ఈ ఊళ్లో ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లు కొత్త కాదు. సైన్యం బళ్లను, ఆయుధాలను బాగుచేసే ఈఎంఈ దళం 1943 అక్టోబరు 15న ఏర్పడింది. ఆ దళపు ఒక సెంటరు, మిలటరీ కాలేజీ రెండూ ఇక్కడే ఉన్నాయి. జబల్‌పూర్‌లో 1969 నుంచి 1999 దాకా తయారైన జోంగా బళ్లు, 1985 డిసెంబరులో వచ్చిన జిప్సీలు సైన్యంలో పనిచేసి వేలంలో బయటి మనుషుల చేతికొస్తాయి. ఇక్కడ మనకు అక్కర్లేదనిపించే హీటరే లేహ్‌లో, సున్నాకు పదిహేను ఇరవై డిగ్రీల దిగువన, డ్రైవరు వేళ్లు స్టీరింగు మీద ఆడేలా చేస్తుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్తే మొదటి మాటే, "సార్, మన దగ్గర హీటర్‌తోని ఏం పని? రెండు పైపులు కలిపి క్లాంపు కొట్టేస్తే పది నిమిషాలల్ల అయిపాయె" అన్నాడు. అతను అబద్ధమేమీ చెప్పలేదు. నడిరోడ్డు మీద బండి ఆగిపోతే ఇల్లు చేరడానికి అది సరైన పనే. కానీ వానాకాలంలో ఏసీ లేని బండికి అద్దం తేటగా ఉంచేది హీటరే. ఇంకో ఉపకారమూ ఉంది. మే నెలలో శ్రీశైలం ఘాటు ఎక్కుతుంటే టెంపరేచరు ముల్లు ఎరుపు వైపు జరిగిందనుకోండి. హీటరు పూర్తిగా తెరిచి ఫ్యాను వేస్తే అది రెండో రేడియేటరై ఇంజను వేడిని కొంత లాగేస్తుంది. మనకు ఉక్కగా ఉంటుంది, ఇంజను మాత్రం బతుకుతుంది. అందుకే నేను బైపాస్ వద్దన్నాను.

ఇంజను పూర్తిగా చల్లారాకే మెకానిక్ రేడియేటరు మూత తీశాడు. సికింద్రాబాద్ సముద్రమట్టానికి అర కిలోమీటరు పైనే ఉంది కాబట్టి మామూలు గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత బిగించిన రేడియేటరులో ఒత్తిడి వల్ల 115 దాటినా మరగవు. వేడి మీద మూత తిప్పితే ఆ నీళ్లలో కొంత ఒక్కసారిగా ఆవిరై, మిగతా మరిగే నీళ్లతో కలిసి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కూలెంటు తొట్టిలోకి దించి, ఇంజనుకూ లోపలి భాగానికీ మధ్య రేకు గోడలోంచి వచ్చే రెండు హోస్ పైపులు ఊడదీసి, డాష్‌బోర్డు కింది పెట్టె విప్పేసరికి మధ్యాహ్నమైంది. కోర్‌ని రాణీగంజ్ వైపు రేడియేటరు పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం.

ఆయన ఒక పైపు మూసి, రెండో పైపులోంచి గాలి పట్టించి నీళ్ల తొట్టిలో ముంచాడు. ఏమీ రాలేదు. "సల్లగున్నప్పుడు కారదు" అంటూ తొట్టిలో రెండు చెంబుల వేడి నీళ్లు పోసి మళ్లీ ముంచాడు. కాసేపటికి గొట్టాలు చివరి రేకును కలిసే చోట ఆవగింజంత బుడగలు, ఒకదాని వెనక ఒకటి, వరసగా పైకొచ్చాయి. వేడికి లోహం సాగితే తప్ప తెరుచుకోని సందు అది. అక్కడ పాత మాటు తెల్లగా పొడిబారి ఉంది. బ్రష్షుతో గీకి, యాసిడ్ పూసి, తగరం సీసం కడ్డీ ఆనించగానే కరిగిన మాటు మెరుస్తూ సందులోకి పాకింది. ఇత్తడి బిందెలకు మాట్లు వేసినవాళ్ల పనీ ఇదే. రాగి, ఇత్తడి కోర్‌లకే ఈ భాగ్యం. అల్యూమినియం కోర్ ఇలా కారితే మార్చడమే మేలు.

గొట్టాల్లోకి నీళ్లు పట్టిస్తే మూడు గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి. సన్నని కడ్డీ పెట్టి నెడితే సున్నంలాంటి పెచ్చులు రాలాయి. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్ల పొరే ఇది. బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం లవణాలు వేడికి రాయిలా గట్టిపడతాయి. నేను ఈ బండికి రెండు ఎండాకాలాల్లో కూలెంటు తగ్గినప్పుడల్లా బోరు నీళ్లే పోశాను. కారింది హీటరే అయినా జబ్బు నీళ్లది. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ సగం, నీళ్లు సగం కలిపితే సున్నాకు 37 డిగ్రీల దిగువ దాకా గడ్డకట్టదు. ఆ గుణం మనకు అక్కర్లేదు. మనకు కావాల్సింది అందులో కలిపే తుప్పు నిరోధకాలు. అవి కాలంతో అయిపోతాయి, నీళ్లు పోసి పలచన చేస్తే ఇంకా ముందే అయిపోతాయి. ఆ తర్వాత నీళ్లు మాటునే తినడం మొదలుపెడతాయి. హీటరు అరుదుగా తెరిచే ఊళ్లో కోర్‌లోకి నీళ్లు వదిలే వాల్వు ఎక్కువగా మూసే ఉంటుంది కాబట్టి సున్నం, తుప్పు మడ్డి కోర్‌లోనే నిలిచిపోతుంది.

మీ ఇంట్లో పాత జీపో జిప్సీయో ఉంటే నెలకోసారైనా హీటరు తెరిచి పది నిమిషాలు నడపండి. కూలెంటును కంపెనీ చెప్పిన గడువుకు మార్చండి, తగ్గితే డిస్టిల్డ్ వాటరు కలిపిన కూలెంటే పోయండి. కారిన తడిని మాత్రం వెంటనే కడిగేయండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు నాకుతాయి, కొద్దిగా లోపలికి పోయినా వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. చిన్నపిల్లలకూ అది విషమే. తీసేసిన పాత కూలెంటును మూత గట్టిగా బిగించిన డబ్బాలో పోసి, పిల్లలకు అందని చోట పెట్టండి. మోరీలో పోయొద్దు.