రెండు వృత్తులు, ఒకే పాత్ర

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో, బల్ల చుట్టూ చేరిన ఆటగాళ్లు తలా ఒక కల్పిత పాత్ర ధరించి, పాచికల సాయంతో కథ నడుపుతారు. ఆ పాత్ర శక్తులనూ పరిమితులనూ నిర్ణయించేది యోధుడు, మాంత్రికుడు వంటి వృత్తి. దాన్నే క్లాస్ అంటారు. కత్తీ మంత్రమూ ఒక్కరికే దక్కితే మిగిలినవారికి పనేముంటుందన్నది మొదటినుంచీ ఉన్న చిక్కు.

1981 నాటి బేసిక్, ఎక్స్‌పర్ట్ సంపుటాలు చూపిన పరిష్కారం మోటుదే అయినా ముచ్చటైనది: ఎల్ఫ్ అనే జాతి పాత్రకు యోధుడి ఆయుధాలతోపాటు మంత్రాలనూ ఇచ్చి, రెండో స్థాయికి ఎదగడానికి యోధుడికి 2,000, మాంత్రికుడికి 2,500 అనుభవ పాయింట్లు చాలగా, ఎల్ఫ్‌కు 4,000 కావాలన్నాయి; పదో స్థాయి దాటనివ్వలేదు కూడా.

2000 నాటి మూడో కూర్పు, స్థాయి పెరిగిన ప్రతిసారీ నచ్చిన వృత్తిలోకి మారే వీలు కల్పించడంతో, తొలి స్థాయిల లాభాలను మాత్రమే ఏరుకొనే తెలివి ప్రబలింది. 2014 నాటి ఐదో కూర్పు, పాత, కొత్త వృత్తులు రెండింటికీ కీలకమైన సామర్థ్యాల విలువ కనీసం 13 ఉండాలన్నది. అయితే అసలు కళ్లెం ఆలస్యమే: ఐదో స్థాయిలో మాంత్రికుడికి అందే అగ్నిగోళ మంత్రం, యోధవృత్తిలో రెండు స్థాయిలు వెచ్చించినవాడికి ఏడో స్థాయి దాకా దొరకదు.