ఇంటికి రిపేరు... పిల్లికి బేజారు!

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఉన్న ఇంటికి రిపేరు చేయించడం కూడా అంత తేలికేం కాదు. ఇక ఆ ఇంట్లో ఓ పిల్లి కూడా ఉంటే... దాని అవస్థ చెప్పనలవి కాదు!

పొద్దున తొమ్మిదింటికి మేస్త్రీ వస్తాడు. వెంట ఇద్దరు కూలీలు, ఓ కటింగ్ మిషన్. హాల్లో ఏళ్లనాటి షాబాద్ బండల మీద గడ్డపార మొదటి దెబ్బ పడుతుంది. అంతే... అప్పటిదాకా కిటికీ దగ్గర ఒళ్లు విరుచుకుంటున్న పిల్లి మాయం! మధ్యాహ్నమైనా గిన్నెలో పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంటుంది. బడి నుంచి వచ్చిన పిల్లలు మంచాల కిందా, బీరువా వెనకా, సజ్జ మీదా వెతుకుతారు. చీకటి పడుతుంది. వీధి తలుపు పొద్దుటి నుంచీ బార్లా తెరిచే ఉందన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా వానలు మొదలయ్యేలోగా ఇంటి పనులు ముగించుకోవాలనుకుంటారు చాలామంది. బండలు తీసి టైల్స్ వేయించేవాళ్లు కొందరు, మేడ మీద మరో గది లేపేవాళ్లు కొందరు. నీళ్లు చాలక కొత్త బోరు వేయించేవాళ్లూ ఉంటారు. ఈ రెండు జిల్లాల నేల చాలాచోట్ల గట్టి గ్రానైటు. దాన్ని తొలిచే బోరుబండి చప్పుడుకు మనుషులకే గుండెలు అదురుతాయి. మరి పిల్లికో?

చెవులు అలాంటివి!

మనిషి చెవి వినగలిగేది సుమారు 20 వేల హెర్ట్జ్‌ల వరకే. పిల్లికి దాదాపు 85 వేల హెర్ట్జ్‌ల దాకా వినిపిస్తుంది. గోడ అవతల ఎలుక కీచుమన్నా పసిగట్టడానికి ప్రకృతి ఇచ్చిన వరమది. టైల్స్ కోసే మిషన్ ముందు ఆ వరమే శాపమవుతుంది. మనకు వినపడని కీచు శబ్దాలు కూడా దాని చెవిలో పడతాయి.

చప్పుడొక్కటే అయితే కొంత నయం. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అంటారు. తలుపు అంచుకీ, మంచం కోడుకీ చెంపలు రుద్దుతూ తన వాసన అంటించి 'ఇది నాది' అని గుర్తు పెట్టుకుంటుంది. బండలు లేచిపోయి, సామాను జరిగి, సున్నం, పెయింటు వాసన కమ్మేస్తే ఆ గుర్తులన్నీ చెరిగిపోతాయి. ఉన్న ఇంట్లోనే అది పరాయిదైపోతుంది. కాబట్టి చప్పుడును పూర్తిగా ఆపలేకపోయినా, ఇంట్లో ఒక్క మూల మాత్రం మారకుండా ఉంచితే చాలు... పిల్లి తట్టుకుంటుంది.

ఒక్క గది దానికి

పని మొదలవడానికి వారం పది రోజుల ముందే ఓ గది ఎంచుకోండి. పని జరిగే చోటికి దూరంగా, వీలైతే వెనకవైపు ఉండాలి. దాని పాత గోనెసంచో, పడుకునే దుప్పటో ఉతక్కుండా అక్కడ వేయండి. తిండి, నీళ్లు కూడా అక్కడే పెట్టడం అలవాటు చేయండి. మెత్తటి నూలుగుడ్డతో దాని చెంపలు నిమిరి, ఆ గుడ్డను గది గుమ్మానికి రుద్దితే దాని వాసన నిలుస్తుంది. ఎండాకాలం కదా, ఫ్యాను తిరుగుతూ ఉండాలి. కిటికీకి జాలీ ఉండాలి.

ఓ అట్టపెట్టెను పక్కకు తిప్పి పెట్టండి. 2014లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లులను గమనించారు. దాక్కోవడానికి పెట్టె దొరికినవి, దొరకని వాటికన్నా త్వరగా కుదుటపడ్డాయి. పిల్లి దాక్కుంటోందంటే జబ్బు చేసిందని కాదు, తనకు తానే ధైర్యం చెప్పుకుంటోందని అర్థం. దాన్ని కాళ్లు పట్టి బయటికి లాగొద్దు. బెదిరిన పిల్లి రక్కినా కరిచినా వెంటనే సబ్బు, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి డాక్టర్‌ని కలవాలి.

చప్పుడును కూడా ముందే పరిచయం చేయొచ్చు. పక్కింట్లో పని జరుగుతుంటే ఆ మోతను సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పిల్లి తినేటప్పుడు వినీ వినిపించనంత సన్నగా పెట్టండి. బెదరకపోతే రోజురోజుకూ కాస్త పెంచండి. చెవులు వెనక్కి వాల్చినా, తినడం ఆపినా మళ్లీ తగ్గించేయాలి.

మేస్త్రీతో ఒక మాట

పెద్ద చప్పుడు పనులు ఏ రోజు, ఏ వేళ చేస్తారో మేస్త్రీని ముందే అడగండి. కూలీలు గేటు తీయకముందే పిల్లిని గదిలో పెట్టి గడియ వేయాలి. వాళ్లు వెళ్లాక తలుపులన్నీ మూసి అప్పుడు వదలాలి. 'లోపల పిల్లి ఉంది, తలుపు తీయొద్దు' అని కాగితం అంటించండి. పనివాళ్లలో ఇతర రాష్ట్రాల వాళ్లూ ఉండొచ్చు కాబట్టి పిల్లలతో ఓ పిల్లి బొమ్మ గీయించండి. ఆ బొమ్మ ఏ భాషవాళ్లకైనా అర్థమవుతుంది!

ఇంటి ముందు పోసిన ఇసుక కుప్ప పిల్లికి మహా ఇష్టమైన మరుగుదొడ్డి. తెల్లారి మేస్త్రీ చిరాకు పడక ముందే కుప్ప మీద పట్టా కప్పి, గదిలో ఓ పాత తట్టలో పొడి ఇసుక పోసి పెట్టండి.

పచ్చి సిమెంటు మీద నడిస్తే పిల్లి కాళ్లు ఒరిసిపోతాయి, సామెతలోని 'కాలు కాలిన పిల్లి' నిజంగానే తయారవుతుంది. పైగా అది పాదాలు నాక్కుంటుంది కాబట్టి సిమెంటు, పెయింటు, టర్పెంటైన్ నోట్లోకీ పోతాయి. అంటుకుంటే వెంటనే గోరువెచ్చని నీళ్లూ తేలికపాటి సబ్బుతో కడగాలి. టర్పెంటైన్‌తో తుడవకూడదు. దుమ్ము తుడవడానికి వాడే ఫినాయిల్ కూడా పిల్లికి విషమే. సంపు మూత తెరిచి ఉంచొద్దు. ఫాల్స్ సీలింగ్ బిగించే ముందు, వంటగట్టు కింద అరలు మూసే ముందు లోపల టార్చి వేసి చూడండి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

ఒకటి రెండు పూటలు తక్కువ తినడం మామూలే. రోజంతా ఏమీ ముట్టకపోతే పశువైద్యుణ్ని సంప్రదించండి. రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయం దెబ్బతినే ప్రమాదముంది, లావుగా ఉన్న పిల్లులకు మరీ ఎక్కువ. మగపిల్లి పదేపదే ముక్కుతూ మూత్రం రాక అవస్థ పడుతుంటే రేపటిదాకా ఆగొద్దు, అది ప్రాణం మీదికొచ్చే సమస్య. మత్తుమందో, నొప్పి మాత్రో సొంతంగా వేయకూడదు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ల చాలు పిల్లి ప్రాణం తీయడానికి.

ఎంత జాగ్రత్తపడ్డా తప్పించుకుపోతే? కంగారుపడి ఊరంతా తిరగక్కర్లేదు. 2018లో వెలువడిన ఓ అధ్యయనం ప్రకారం, దొరికిన పిల్లుల్లో నాలుగింట మూడొంతులు తప్పిపోయిన చోటికి అర కిలోమీటరు లోపలే కనిపించాయి. వీధి సద్దుమణిగాక టార్చి తీసుకుని పక్కిళ్ల మెట్ల కింద, షెడ్లలో, పార్కు చేసిన బండ్ల కింద మెల్లగా పిలుస్తూ వెతకండి. ఇంటి గుమ్మంలో దానికిష్టమైన తిండి పెట్టండి.

చివరికి గృహప్రవేశం

పని అయిపోయిందని ఒక్కసారిగా ఇల్లంతా చూపించొద్దు. పెయింటు వాసన పోయాక రోజుకో గది చొప్పున తలుపు తీయండి. చెంపలు నిమిరిన గుడ్డను కొత్త తలుపులకూ రుద్దండి. పాత మంచం, పాత దుప్పటి కొన్నాళ్లు ఉండనివ్వండి.

కొత్తింట్లోకి ముందుగా ఆవును నడిపిస్తాం. పిల్లిని అలా ఎవరూ నడిపించలేరు. దానికి ముహూర్తం పెట్టేదీ అదే. ఓ మధ్యాహ్నం, కొత్త టైల్స్ మీద, సరిగ్గా హాలు మధ్యలో కాళ్లు చాపి నిద్రపోతుంది చూడండి... రిపేరు నిజంగా పూర్తయినట్టు అప్పుడే లెక్క!