పిల్లల పట్టుతో చీమల ఇల్లు

మామిడికాయలు కోయడానికి చెట్టెక్కినవాళ్లకు ఈ ఎర్ర చీమల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కొమ్మ కదిలితే చాలు, చొక్కాలోకి దూరి కండ పట్టుకుంటాయి. కొరికి ఊరుకోవు, పొట్ట కొనను ముందుకు వంచి కొరికినచోటే ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. ఆ మంటంతా దానిదే. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఈకోఫిల్లా స్మరాగ్డినా.

వీటికి పుట్టలతో పనిలేదు. కొమ్మ మీదే పచ్చి ఆకుల్ని కలిపి కుట్టుకుని ఉంటాయి. కాస్త ఎడంగా నిలబడి ఆ పని చూడాలి. కొన్ని చీమలు వరసగా చేరి ఒక ఆకు అంచుమీద కాళ్లు తన్నిపెట్టి, పక్క ఆకు అంచుని దవడలతో లాగుతాయి. ఆకు అందకపోతే ఒకదాని నడుము మరొకటి కరుచుకుని గొలుసు కడతాయి. గొలుసు వెనక్కి జరిగేకొద్దీ ఆకు దగ్గరికొస్తుంది.

ఇక కుట్టాలి. పెద్ద చీమల దగ్గర దారం లేదు! అందుకని పాత గూట్లోంచి ఎదిగిన లార్వాను నోట కరుచుకొస్తాయి. దాని తల ఒక అంచుకి ఆనించి మీసాలతో తడితే సన్నని పట్టుపోగు వస్తుంది. అక్కణ్ణుంచి అవతలి అంచుకి, మళ్లీ ఇవతలికి, మగ్గంలో నాడె ఆడినట్టు. చూస్తుండగానే సందులో తెల్లటి పొర పరుచుకుంటుంది.

చాలా జాతుల్లో లార్వా ఆ పట్టుతో తన చుట్టూ గూడు అల్లుకుని ప్యూపా అవుతుంది. ఈ పిల్లలకు ఆ భాగ్యం లేదు. పట్టంతా ఇంటికే పోతుంది, ప్యూపా దశ ఏ ఆచ్ఛాదనా లేకుండానే గడుస్తుంది. బాలకార్మిక చట్టం చీమలదాకా రాలేదు మరి.

ఒకే రాణి సంతానం లక్షల్లో పెరిగి, ఎన్నో గూళ్లుగా పక్కచెట్లకూ పాకుతుంది. సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ పొడవుండే పెద్ద కార్మికులు వేట, కట్టడం చూసుకుంటే, వాటిలో సగముండే చిన్నవి గూట్లో పసివాటిని సాకుతాయి. నాకు ముచ్చటేసేది వీటి కాపలా పద్ధతి. సరిహద్దు గూళ్లలో ఉండేవి ముసలి చీమలే. పొరుగు చీమలు దండెత్తితే ముందు చచ్చేదీ అవే.

ఆకులు తినే పురుగుల్ని వేటాడతాయని చైనా రైతులు ఎన్నో శతాబ్దాల నాడే ఈ గూళ్లు తెచ్చి నారింజ తోటల్లో కట్టేవారు. ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో వీటితో నూరే పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన మామిడి తోటల్లో మాత్రం ఇంకో లెక్క ఉంది. పిండినల్లి కార్చే తీపి జిగురంటే వీటికి ప్రాణం. అందుకోసం దాన్ని కాపాడుతూ, తినడానికొచ్చిన అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. చీమల గూళ్లున్న తోటలో పిండినల్లిమీద ఓ కన్నేసి ఉంచక రైతుకు తప్పదు.