టీవీ గొంతు బయటికొచ్చిన దారి

1987 జనవరిలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మొదలైనప్పుడు మహారాష్ట్రలోని నాందేడ్‌లో మా ఇంటి ముందుగది చాలేది కాదు. అమ్మ చాపలు పరిచేది. వాడకట్టు వాడకట్టంతా వచ్చి కూర్చునేది. తెలుగువాళ్ళు, మరాఠీవాళ్ళు, అందరికీ కలిపి ఒక్క బ్లాక్ అండ్ వైట్ టీవీ. ముందు కూర్చున్న పిల్లలకు మాటలు బాగానే వినబడేవి. గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దవాళ్ళు మాత్రం చెవి వెనక అరచెయ్యి పెట్టుకునేవారు. అదే గదిలో మూలకు అన్న టేప్ డెక్కు, యాంప్లిఫయర్, మనిషి మోకాలెత్తు స్పీకర్ డబ్బాలు రెండు ఊరికే పడి ఉండేవి.

టీవీలోంచి ఒక వైరు లాగి యాంప్లిఫయర్‌కు కలపొచ్చు కదా అని, టీవీ బాగుచేయడానికి వచ్చిన కాకాను అడిగాను. “ముట్టకు బిడ్డా, దాని ఒంట్ల కరెంటు తిరుగుతది. వైరు బయటికి తీస్తివంటే అది గూడ ఎంబడొస్తది” అన్నాడు.

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆనాటి టీవీలు చాలావాటిలో కరెంటును వేరుచేసే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది కాదు. అది బరువు, ఖర్చు. గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టులను నేరుగా లోపలికి తీసుకునేవారు. దాంతో టీవీ లోపలి ఇనుప చట్రం, అంటే చాసీ, మెయిన్స్ తీగతో కలిసిపోయేది. రెండు పిన్నుల ప్లగ్గును తిప్పి పెడితే చాసీ ఏకంగా ఫేజ్ తీగకే అంటుకోవచ్చు. పైన చెక్క పెట్టె, ప్లాస్టిక్ గుబ్బలు ఉండబట్టి మన చేతికి తగలదు. వాల్యూమ్ గుబ్బ దగ్గర్నుంచి రెండు పోగుల వైరు బయటికి తీశామనుకోండి, అందులో ఒక పోగు చాసీదే. యాంప్లిఫయర్ లోహపు ఒళ్ళంతా ఒక్కసారిగా కరెంటు. టేప్ డెక్కు మీట నొక్కబోయిన చెయ్యి అక్కడే అతుక్కుపోయేది.

అయితే ఆ పెట్టెలో బందీగా ఉన్నది మామూలు శబ్దం కాదు. మన రేడియోలో వినే మీడియం వేవ్ స్టేషన్లకు మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్‌లే. అందులో శబ్దానికి మిగిలేది దాదాపు 4.5 కిలోహెర్ట్జ్‌లు. తాళాల మెరుపు, ‘స’కూ ‘ష’కూ ఉన్న తేడా ఆ ఇరుకులో నలిగిపోతాయి. దూరదర్శన్ మాత్రం శబ్దాన్ని ఎఫ్ఎం పద్ధతిలో, 15 కిలోహెర్ట్జ్‌ల దాకా పంపేది. ఎఫ్ఎం రేడియో పేరైనా వినని ఊళ్ళకు గాలిలోంచి వచ్చిన అన్నిటికంటే మంచి శబ్దం టీవీదే! అది యాంటెన్నా దిగి గదిలోకి వచ్చి, చివరి జానెడు దూరంలో, అరచేతి వెడల్పు స్పీకర్ దగ్గర ఆగిపోయేది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

చిన్న స్పీకర్ తప్పు కూడా కాదది. లోగొంతు పలకాలంటే చాలా గాలిని కదపాలి. 200 హెర్ట్జ్‌ల స్వరం బదులు 100 హెర్ట్జ్‌ల స్వరాన్ని అంతే గట్టిగా వినిపించాలంటే కాగితపు కోను నాలుగింతల దూరం ముందుకీ వెనక్కీ ఊగాలి. చిన్న కోనుకు అంత చోటెక్కడిది? మృదంగం ఎడమవైపు మూత టీవీలో టకటకమని మాత్రమే మోగడానికి కారణం ఇదే. నేటి టీవీలు పలకంత సన్నబడ్డాక ఈ బాధ ఇంకా పెరిగింది. స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగిపోయాయి.

గుంపు కోసం టీవీ పెట్టిన సందర్భం మన దగ్గర అంతకుముందే ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఉంది. మహారాష్ట్ర లేదు కాబట్టి మా జిల్లాకు అది రాలేదు. ఆ గ్రామాల్లో పెట్టిన టీవీలను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. ఒకే బొమ్మతోపాటు రెండు భాషల శబ్దాలను పంపే వీలు ఆ ఉపగ్రహ ప్రసారంలో ఉండేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ మాట్లాడే మా ఊరివాళ్ళకు ఆ ఏర్పాటు విలువ వేరే చెప్పనక్కరలేదు.

కాకా చివరికి మా ఇంటికి ఒక దారి చూపాడు. హైదరాబాదు కోఠీలో కొన్న అగ్గిపెట్టెంత ట్రాన్స్‌ఫార్మర్‌ను స్పీకర్ తీగల మధ్య పెట్టాడు. దానిలో రెండు తీగచుట్టలు ఒకదాన్నొకటి తాకవు. మొదటి చుట్టలో శబ్దపు కరెంటు అటూఇటూ ఊగితే అయస్కాంత క్షేత్రం ఊగుతుంది, ఆ ఊపు రెండో చుట్టలో మళ్ళీ కరెంటుగా పుడుతుంది. మాట దాటుతుంది, మెయిన్స్ దాటదు. ఆ ఆదివారం గుమ్మం దగ్గర ఎవరూ చెవి వెనక చెయ్యి పెట్టుకోలేదు.

తర్వాత మా వాడకట్టుకు వీసీఆర్‌లు వచ్చాయి. వాటిని యాంటెన్నా దారిన కాకుండా నేరుగా తగిలించాలంటే టీవీ ఒళ్ళు సురక్షితంగా ఉండక తప్పదు. లోపలి సర్క్యూట్‌ను మెయిన్స్‌తో వేరుచేశారు, వెనక గుండ్రటి సాకెట్లు పెట్టారు. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ చెవికి, ఎరుపు కుడి చెవికి. వాటిలో గుచ్చే పిన్ను 1930లలో ఆర్‌సీఏ కంపెనీ గ్రామఫోన్‌ను రేడియోకు కలపడానికి చేసింది. అన్నేళ్ళ పాత పిన్నులో ఒక లోపం అలాగే ఉండిపోయింది: గుచ్చేటప్పుడు నడిమి ముల్లు ముందు తగులుతుంది, చుట్టూ ఉన్న ఎర్త్ రింగు తర్వాత తగులుతుంది. యాంప్లిఫయర్ ఆన్‌లో ఉండగా గుచ్చితే భళ్ళుమని మోగేది అందుకే.

రాగి తీగకు ఇంకో జబ్బుంది. కేబుల్ టీవీ వైరు స్తంభం మీంచి డాబా మీదికి, అక్కడ్నుంచి ఇంట్లోకి వస్తుంది. దాని పైజాలీ ఒక ఎర్త్‌ను, యాంప్లిఫయర్ ప్లగ్గు ఇంకో ఎర్త్‌ను పట్టుకుంటాయి. రెండిటి మధ్య చిన్న వోల్టేజీ తేడా ఉన్నా ఆడియో వైరు గుండా కరెంటు చుట్టు తిరుగుతుంది. అప్పుడు 50 హెర్ట్జ్‌ల ‘గుయ్’ మోత.

దీనికి మందు 1983లోనే జపానులో పుట్టింది. తోషిబా వాళ్ళు ఒక ప్లాస్టిక్ పోగు గుండా ఎర్రటి వెలుగును పంపి, ఆ వెలుగు మిణుకుల్లో శబ్దాన్ని అంకెలుగా దాచారు. దాని పేరు టాస్‌లింక్. వెలుగుకు ఎర్త్ అక్కర్లేదు, షాకు లేదు, గుయ్ లేదు. కాకా భయపడిన ఆ కరెంటుకు ఇందులో అసలు దారే లేదు.

బొమ్మనూ శబ్దాన్నీ కలిపి టీవీలోకి మోసే హెచ్‌డీఎంఐ తీగ మాత్రం 2009లో, తన 1.4 రూపంలో, మళ్ళీ రాగినే నమ్ముకుంది. 19 పిన్నుల ఆ ప్లగ్గులో 14వది అప్పటిదాకా పనిలేక ఖాళీగా ఉండేది. టీవీలోంచి శబ్దాన్ని వెనక్కి పంపే పని దానికి దొరికింది. సాకెట్ పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉండేది అదే.

ఒక్క సంగతి మాత్రం వైరు ఏదైనా వదలదు. కొత్త టీవీ బొమ్మను దిద్దడానికి కొంత సమయం తీసుకుంటుంది, ఈలోగా మాట ముందే వచ్చేస్తుంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడు, ఆలస్యమైతే 125 దాకా గమనించడు. గోదావరి ఒడ్డున గోవర్ధన్ ఘాట్‌లో నిలబడి అవతలి గట్టున బట్టలుతికేవాళ్ళను చూస్తే తెలుస్తుంది: బట్ట బండకు తగలడం ముందు కనబడుతుంది, చప్పుడు వెనకాల నడిచొస్తుంది. మన చెవికి ఆ వరసే అలవాటు. టీవీ సెట్టింగుల్లో ఆడియో డిలే అని ఉన్నది ఆ వరసను సరిచేయడానికే.

మొన్న అన్న పాత యాంప్లిఫయర్ దుమ్ము దులిపాను. దానికి వెలుగును చదవడం రాదు కాబట్టి మధ్యలో వెలుగును మళ్ళీ శబ్దపు కరెంటుగా మార్చే ఒక చిన్న డబ్బా పెట్టి, ఆప్టికల్ తీగ గుచ్చాను. చడీచప్పుడు లేదు. తీగ కొన తీసి చూస్తే ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. టీవీ శబ్దాన్ని డాల్బీ డిజిటల్‌లో మూటగట్టి పంపుతోంది, ఆ డబ్బాకు మూటగట్టని పీసీఎం ఒక్కటే వచ్చు. సెట్టింగుల్లో పీసీఎం అని మార్చి, పిన్ను గ్రామఫోన్ కోసం ఫోనో అని రాసిన చోట కాకుండా మామూలు ఆక్స్ సాకెట్‌లో ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నాను. తెలుగు వార్తలు చదువుతున్న ఆయన గొంతు పెద్ద డబ్బాల్లోంచి నిండుగా, పక్కన నిలబడి మాట్లాడినట్టు వచ్చింది.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది, “ఎవలొచ్చిన్రు రా?”