పాట పుట్టిన ఏడు అడగండి!

ఎనిమిదో తరగతిలో సాంఘిక శాస్త్రం పీరియడు. మా ఊరికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో మాస్టారు సెల్‌ఫోనులో ఏరువాక పాట పెట్టారు. పిల్లలు బల్లల మీద దరువు వేశారు. పాట అయ్యాక ఒక కుర్రవాడు లేచి "ఎలపట, దాపట అంటే ఏమిటండీ?" అని అడిగాడు. మాస్టారికీ తెలియలేదు. మధ్యాహ్న భోజనం వండే అవ్వ వరండాలోంచి చెప్పింది: "కాడికి ఒక పక్క కట్టే ఎద్దు ఎలపట, రెండో పక్కది దాపట నాయనా. పక్క మారిస్తే అవి సాగవు."

ట్రాక్టరు తప్ప అరక చూడని పిల్లలకు ఆ పూట దొరికిన పాఠం పుస్తకంలో లేదు. పాటలో ఉంది.

పాత పాటలతో పల్లె చరిత్ర చెప్పడం మంచి పద్ధతే. అయితే ఏ పాట పడితే ఆ పాట పనికిరాదు. పాట ఎప్పటిది? ఎవరు కట్టారు? ఎవరిని ఉద్దేశించి? అందులో ఎవరి మాట లేదు? ఈ నాలుగు ప్రశ్నలూ వేసి ఎంచుకోవాలి.

ఉప్పు మాట ముందే వచ్చింది

గరిమెళ్ళ సత్యనారాయణగారి 'మాకొద్దీ తెల్లదొరతనము' 1920 ప్రాంతంలో పుట్టింది. ఆ పాట రాసి, పాడినందుకు ఆయన జైలుకు వెళ్ళారు. పంట పండినా పట్టెడన్నానికి కరువేనని, ఉప్పు ముట్టుకున్నా నేరమేనని అందులో మొరపెట్టారు. గాంధీజీ దండికి నడిచింది 1930లో. అంటే ఉప్పు బాధ మన జనం నోట అంతకు పదేళ్ళ ముందే ఉందన్నమాట. దండి యాత్ర గురించి పది పేజీలు చదివినా ఈ సంగతి తట్టదు. పాట పక్కన తేదీ పెట్టి చూస్తే చప్పున తడుతుంది.

ఓటు వచ్చిన కొత్తలో

ఏరువాక పాట 1955లో వచ్చిన 'రోజులు మారాయి' సినిమాలోది. రాసింది బాపట్ల దగ్గర అప్పికట్లలో పుట్టిన కొసరాజుగారు. పాడింది జిక్కి. ఆడింది వహీదా రెహమాన్. దుక్కి, విత్తు సంగతులతోపాటు ఓట్లు గుంజుకుని రైతును మరిచిపోయే వారికి చురక కూడా అందులో ఉంది. ఆ సినిమా ఏప్రిల్‌లో విడుదలైంది. అదే ఏడు ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగాయి. దేశంలో తొలి సాధారణ ఎన్నికలు ముగిసి అప్పటికి మూడేళ్ళే. ఓటు కొత్తగా చేతికొచ్చిన రైతు అప్పుడే ఏమనుకుంటున్నాడో పిల్లలకు ఇంతకంటే తేలికగా ఎలా చెప్పగలం?

సినిమా వేరు, పోరాటం వేరు

'బండెనక బండి' పాటను చాలామంది సినిమా పాట అనుకుంటారు. తెలంగాణ సాయుధ పోరాట రోజుల్లో బండి యాదగిరి కట్టిన పాట అది. పోరాటం 1951లో ముగిసింది. గద్దర్ గొంతుతో ఆ పాట వినిపించిన 'మా భూమి' సినిమా 1980లో విడుదలైంది. మాట నాటిది, మనం వినే గొంతు దాదాపు ముప్పై ఏళ్ళ తరువాతిది. రెండు తేదీలూ నల్లబల్ల మీద రాయాలి. లేకపోతే పిల్లలు సినిమానే చరిత్ర అనుకుంటారు.

పాట సాక్షి మాత్రమే, తీర్పరి కాదు. జనం ఏమనుకున్నారో చెబుతుంది గాని, జరిగిందంతా చెప్పదు. దాన్ని పుస్తకంతో, పెద్దల జ్ఞాపకంతో సరిచూడాలి. పాత పాటల్లో కులాన్ని, ఆడవారిని కించపరిచే మాటలూ దొర్లుతాయి. వాటిని పిల్లల చేత పాడించరాదు. అలాంటి మాటలు చెల్లిన రోజులు ఉండేవని దాచనూ రాదు. ఆ మాట పడ్డవారి పిల్లలు కూడా ఆ తరగతిలోనే కూర్చుని ఉంటారని మాస్టారు మరువకూడదు.

అచ్చుకాని పాటలు

సినిమా పాటకు రికార్డు ఉంది. గరిమెళ్ళ పాటకు అచ్చు ఉంది. మరి నాట్ల పాటలకో? కలుపు పాటలకో? వాటికి తేదీ లేదు, కట్టినవారి పేరూ లేదు. కూలి, ఆకలి, అత్తవారింటి ఆరళ్ళు వంగిన నడుముల మీదే పాటలయ్యాయి. నాటు యంత్రాలు దిగిన చేలల్లో ఇప్పుడు ఇంజను మోతే వినబడుతోంది. ఆ పాటలు వచ్చిన అవ్వలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మాస్టార్లకు మనవి ఒక్కటే. ఈ దసరా సెలవులకు పిల్లలకు లెక్కలతోపాటు ఒక పాట కూడా ఇవ్వండి. ఇంట్లో అవ్వ దగ్గర కూర్చుని పాడించుకుని, ఆమె పేరు, ఊరు, ఎప్పుడు ఎవరి చేలో నేర్చుకుందో రాసుకు రమ్మనండి. చేతిలో సెల్‌ఫోను ఎలాగూ ఉంది.

భోజనం వండే అవ్వ ఆ రోజు ఎలపట, దాపట ఒక్కటే చెప్పింది. ఆమెను అడగవలసినవి ఇంకా చాలా ఉన్నాయి.