విసెరాలో విషం ఎలా పట్టుబడుతుంది?

అనుమానాస్పద మరణాల వార్తల్లో ‘విసెరాను ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపారు’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. నివేదిక మాత్రం వెంటనే రాదు. ఇన్ని ఆధునిక పరికరాలుండగా ఆలస్యమెందుకన్న సందేహం సహజమే. పేరుకుపోయిన కేసుల భారం ఒక కారణం. మరో కారణం రసాయన శాస్త్రానికి చెందినది. కాలేయపు ముక్కను ఉన్నదున్నట్లుగా యంత్రంలో పెట్టి పరీక్షించలేరు. కొవ్వులు, మాంసకృత్తుల మధ్య అత్యల్ప పరిమాణంలో దాగిన విషాన్ని ముందుగా విడదీయాలి. ఆ పనికి వాడే పాత పద్ధతుల్లో ముఖ్యమైనది ద్రవ-ద్రవ నిష్కర్షణ.

నీరు, నూనె కలవవని వంటింట్లో అందరూ చూసినదే. అలా కలవని రెండు ద్రవాలను కలిపి కుదిపితే, వాటిలో కరిగిన పదార్థం తాను ఎక్కువగా కరిగే ద్రవంలోకి అధిక భాగం చేరుతుంది. అడుగున కుళాయి ఉన్న గాజు గరాటులో కాసేపు నిలిపితే పొరలు తేరుకుంటాయి. అప్పుడు కింది పొరను వదిలి వేరుచేస్తారు.

ఈ పద్ధతి నేర పరిశోధనలో పేరు తెచ్చుకున్నది బెల్జియంలో. 1850 నవంబరులో బోకార్మే ప్రభువు కోటలో ఆయన బావమరిది గుస్తావ్ ఫూన్యీ మరణించాడు. మొక్కల నుంచి లభించే విషాలను మృతదేహంలో గుర్తించే నమ్మకమైన మార్గం అప్పటికి లేదు. రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ సెర్వే స్టాస్ అవయవాలను ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌తో శుద్ధిచేసి, వడపోసి, క్షారం చేర్చి, ఈథర్‌తో కుదిపారు. ఈథర్ ఆవిరయ్యాక పొగాకు వాసనగల నికోటిన్ మిగిలింది. బోకార్మేకు 1851లో మరణశిక్ష అమలైంది.

ఇందులో కీలకం క్షారం. ఆమ్లంలో నికోటిన్ లవణంగా మారి నీటినే అంటిపెట్టుకుంటుంది. క్షారం చేరగానే ఆ రూపం విడిచి ఈథర్‌లోకి వెళుతుంది. ఆమ్ల దశలోనే ఒకసారి ఈథర్‌తో కడిగితే కొవ్వు వంటి మలినాలు ముందే తొలగిపోతాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఒట్టో చేర్చిన ఈ మెరుగుదలతో అది స్టాస్-ఒట్టో పద్ధతిగా స్థిరపడింది. భారతీయ ఫోరెన్సిక్ ప్రయోగశాలలకు అది నేటికీ సుపరిచితమే. అయితే అన్ని విషాలకూ ఇది పనికిరాదు. ఆర్సెనిక్ వంటి వాటికి, సైనైడ్ వంటి వాటికి వేరే మార్గాలున్నాయి.

ద్రావణిని ఒకేసారి పోయడం కంటే విడతలుగా పోయడం మేలు. ఒక పదార్థం నీటిలో కంటే ఈథర్‌లో నాలుగు రెట్లు ఎక్కువగా కరుగుతుందనుకుందాం. 100 మిల్లీలీటర్ల నమూనాను 100 మిల్లీలీటర్ల ఈథర్‌తో ఒక్కసారి కుదిపితే 80 శాతం బయటికి వస్తుంది. అదే ఈథర్‌ను 25 చొప్పున నాలుగు విడతలుగా వాడితే దాదాపు 94 శాతం వస్తుంది. విషం అత్యల్పంగా ఉన్న కేసులో ఆ తేడాయే నివేదికను మార్చగలదు.

చేతిపనిలో చిక్కులూ తక్కువేం కాదు. గట్టిగా కుదిపితే పొరలు విడిపోక మజ్జిగలా చిక్కబడతాయి. కొంచెం ఉప్పు వేయడమో, నమూనాను వేగంగా తిప్పే యంత్రంలో ఉంచడమో చేసి వాటిని విడదీస్తారు. ఈథర్ ఇట్టే అంటుకుంటుంది కనుక దగ్గర్లో మంట ఉండకూడదు.

ఇలా వేరుపడిన సారమే గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమీటర్ వంటి పరికరాలకు చేరుతుంది. విసెరాను భద్రపరచడానికి సాధారణంగా వాడే ఉప్పు ద్రావణాన్ని కొంత విడిగా ప్రయోగశాలకు పంపుతారు. దొరికిన పదార్థం శరీరం నుంచి వచ్చిందా, ఆ ద్రావణం నుంచి వచ్చిందా అన్నది తేల్చడానికి దాన్ని కూడా పరీక్షిస్తారు.