ఐరన్ మెయిడెన్ ఇంకా స్టేజీ ఎక్కించని పాటలు: మనం కోరుకున్న పాట లైవ్‌లో ఎందుకు రాదు?

మన బుగ్గారం నుంచి ఇంకో ఎపిసోడ్. ఇయ్యాల ముచ్చట హెవీ మెటల్ గురించి. సూటిగా చెప్పాలంటే ఐరన్ మెయిడెన్ గురించి, వాళ్లు లైవ్‌లో వాయిస్తే బాగుండు అని ఫ్యాన్స్ ఏళ్లకేళ్లు ఎదురుచూసే పాటల గురించి.

మెటల్ కొత్తగా వినేటోళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఐరన్ మెయిడెన్ లండన్ బ్యాండ్. బేస్ గిటార్ వాయించే స్టీవ్ హారిస్ 1975 చివర్లో దీన్ని మొదలుపెట్టాడు. పాడేది బ్రూస్ డికిన్సన్. వీళ్ల పాటల్లో ప్రేమ గోల తక్కువ. యుద్ధాలు, రాజులు, ఓడలు, పాత కథలు ఎక్కువ. ఒగ్గు కథ వింటూ పెరిగినోళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. ఒకరు కథ ఎత్తుకుంటరు, వెనక డోలు, తాళాలు ఆ కథను మోస్తయి. ఇక్కడ డోలు జాగాలో డ్రమ్స్, తోడుగా మూడు గిటార్లు. అంతే తేడా.

ఇగ అసలు సంగతి. 2021లో వచ్చిన 'సెంజుట్సు'తో కలిపి మెయిడెన్‌కు 17 స్టూడియో ఆల్బమ్‌లు ఉన్నయి. షో మాత్రం సుమారు రెండు గంటలు. అందులో పట్టేది 15 నుంచి 17 పాటలు. అంటే ఆల్బమ్‌కు ఒక పాట చొప్పున తీసుకున్నా షో అయిపోయింది. మిగిలినవన్నీ బయటే. వాటిలో ఏదో ఒకటి మీకు ప్రాణం అనుకోండి. అదే బయట నిలబడి ఉంటుంది.

దాదాపు 37 ఏళ్లు ఆగిన పాట

1986లో 'సమ్‌వేర్ ఇన్ టైమ్' అనే ఆల్బమ్ వచ్చింది. దాంట్లో ఆఖరి పాట 'అలెగ్జాండర్ ది గ్రేట్'. ఎనిమిదిన్నర నిమిషాల పాట. మాసిడోనియా రాజు అలెగ్జాండర్ పుట్టుక నుంచి చావు దాకా చెబుతుంది. ఇండియా దిక్కు ఇంక అడుగు వెయ్యం అని ఆయన సైన్యం ఎదురు తిరిగిన సంగతి కూడా అందులో వస్తుంది. అంటే మన దేశం పేరున్న మెయిడెన్ పాట అది.

ఆల్బమ్ వచ్చినప్పుడు ప్రపంచమంతా టూర్ చేశారు. ఆ టూర్‌లో ఈ పాట వాయించలేదు. తర్వాతి టూర్‌లలోనూ లేదు. ఫ్యాన్స్ అడుగుతూనే ఉన్నరు. ఆల్బమ్ వచ్చిన ఏడు పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లై, వాళ్లకూ పిల్లలు పుట్టారు. చివరికి 2023 మే 28న, స్లొవేనియా దేశంలోని ల్యుబ్లియానాలో 'ఫ్యూచర్ పాస్ట్' టూర్ మొదటి రోజున దాన్ని వాయించారు. దాదాపు 37 ఏళ్ల తర్వాత మొదటిసారి.

మరి అప్పుడే ఎందుకు? ఫ్యాన్స్ 2023లో గట్టిగా అరిచినందుకు కాదు. ఆ టూర్‌ను కట్టుకున్నదే 'సమ్‌వేర్ ఇన్ టైమ్', 'సెంజుట్సు' అనే రెండు ఆల్బమ్‌ల చుట్టూ. దాంతో ఆ పాటకు జాగా దొరికింది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతా ఎపిసోడ్ అంతా దీని మీదనే నడుస్తది. అరుదైన పాట మనం అడిగినందుకు రాదు, జాగా దొరికినప్పుడు వస్తది.

జాగా ఎందుకు దొరకదు?

మొదటి కారణం, తప్పనిసరి పాటలు. 'ది ట్రూపర్', 'హాలోడ్ బీ దై నేమ్', 'ఫియర్ ఆఫ్ ది డార్క్', బ్యాండ్ పేరుతోనే ఉన్న 'ఐరన్ మెయిడెన్'. వీటిలో ఒక్కటి తీసినా, జీవితంలో మొదటిసారి వచ్చినోడు మొఖం చిన్నబుచ్చుకొని ఇంటికి పోతడు. పెళ్లి బరాత్‌లో డీజే పరిస్థితి చూడండి. అందరికీ తెలిసిన పాట పెట్టకుంటే ఊరుకోరు. నీకు మాత్రమే తెలిసిన పాట పెడితే నువ్వొక్కడివే ఎగురుతవు.

రెండో కారణం, స్టేజీ. మెయిడెన్ షో అంటే పాటతో పాటు బొమ్మలు, వెనకాల తెరలు, లైట్లు, మంటలు. ఏ పాటకు ఏ తెర దిగాలె, ఎప్పుడు మంట లేవాలె, అన్నీ ముందే కట్టి పెట్టుకుంటరు. అందుకే ఒక టూర్‌లో దాదాపు ప్రతి రాత్రీ అవే పాటలు, అదే వరుస. మెటాలికా అట్ల కాదు, రోజురోజుకు పాటలు మారుస్తది. 2023లో మొదలైన వాళ్ల టూర్‌లో ఒకే ఊర్లో రెండు రాత్రులు వాయించి, మొదటి రాత్రి పాట ఒక్కటి కూడా రెండో రాత్రి మళ్లీ రాకుండా చూసుకున్నరు.

మూడోది ఒళ్లు, గొంతు. ఇరవై ఐదేళ్లప్పుడు స్టూడియోలో పాడిన ఎత్తును అరవై దాటినంక వారానికి మూడు, నాలుగు రాత్రులు అందుకోవాలె. స్టీవ్ హారిస్ 1956లో పుట్టాడు, బ్రూస్ 1958లో. నలభై ఏళ్లకు పైగా డ్రమ్స్ వాయించిన నికో మెక్‌బ్రెయిన్‌కు 2023 జనవరిలో పక్షవాతం వచ్చింది. అయినా కోలుకుని ఆ ఏడే టూర్‌కు వచ్చాడు. 2024 డిసెంబర్‌లో బ్రెజిల్‌లోని సావో పౌలోలో ఆఖరి షో వాయించి టూర్‌లకు సెలవు చెప్పాడు. ఆయన జాగాలో ఇప్పుడు సైమన్ డాసన్ వాయిస్తున్నడు.

నాలుగోది బ్యాండ్ వాళ్ల సొంత ఇష్టం. మెటాలికా 1984 ఆల్బమ్‌లో 'ఎస్కేప్' అనే పాట ఉంది. అది పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్‌కే నచ్చదు. 2012లో ఆ ఆల్బమ్ మొత్తాన్ని వరుసగా వాయించాల్సి వచ్చినప్పుడు గానీ అది స్టేజీ ఎక్కలేదు. అక్కడ కూడా అంతే, అడిగితే రాలేదు, జాగా దొరికితే వచ్చింది.

ఓట్లు వేస్తే?

"అన్నా, ఫ్యాన్స్‌నే ఓటు వెయ్యమంటే అయిపోతది కదా" అని మీకు అనిపించొచ్చు. మెటాలికా అదే చేసింది. 2014లో టికెట్ కొన్నోళ్లతో ఓట్లు వేయించి, ఆ ఓట్ల ప్రకారం పాటలు వాయించారు. ఏమైంది మరి? ఊరు మారినా చాలా వరకు గెలిచినవి పాత హిట్లే. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్', 'వన్' లాంటివే పైకి వచ్చినయి. ఎందుకంటే అరుదైన పాటలను ప్రేమించేటోళ్లు తలా ఒక పాటకు ఓటేస్తరు, ఓట్లు చీలిపోతయి. హిట్టు పాటకు మాత్రం అందరి ఓటూ ఒకే డబ్బాలో పడ్తది. సర్పంచ్ ఎలక్షన్ చూసినోళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే ఒక్క మంచి జరిగింది. 1988 నాటి 'ది ఫ్రేడ్ ఎండ్స్ ఆఫ్ శానిటీ'ని మొత్తంగా ఎన్నడూ వాయించని మెటాలికా, 2014 మే 28న ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో మొదటిసారి పూర్తిగా వాయించింది.

నా పాట: ఇండియాకు బయలుదేరి చేరని ఓడ

ఇప్పుడు నేను కోరుకునే పాట సంగతి. 2015లో వచ్చిన 'ది బుక్ ఆఫ్ సోల్స్' ఆల్బమ్‌లో ఆఖరిది, 'ఎంపైర్ ఆఫ్ ది క్లౌడ్స్'. 18 నిమిషాలు. మెయిడెన్ చేసిన పాటలన్నిటిలో ఇదే పొడుగు. బ్రూస్ ఒక్కడే రాశాడు, పియానో కూడా తనే వాయించాడు. ఇప్పటిదాకా బ్యాండ్ దీన్ని స్టేజీ మీద వాయించలేదు.

కథ నిజంగా జరిగింది. ఆర్101 అనే బ్రిటిష్ గాలి ఓడ. లోపల హైడ్రోజన్ గ్యాస్ సంచులతో తేలే ఓడ, పొడవు సుమారు 237 మీటర్లు. 1930 అక్టోబర్ 4న ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్ నుంచి బయలుదేరింది. పోవాల్సింది ఎక్కడికో తెలుసా? కరాచీకి. అప్పట్లో అది ఇండియానే. ఈ ఓడ కోసం కరాచీలో పెద్ద షెడ్డు కూడా కట్టి పెట్టుకున్నరు. వానలో, గాలిలో ఫ్రాన్స్ దాకా వచ్చి, తెల్లవారకముందే బోవే అనే ఊరి దగ్గర కూలి మంటల్లో కాలిపోయింది. ఉన్నది 54 మంది, చనిపోయింది 48 మంది. దాన్ని నెత్తికెత్తుకున్న మంత్రి లార్డ్ థామ్సన్ కూడా వాళ్లలో ఉన్నడు.

దీన్ని రాసిన బ్రూస్ సొంతంగా విమానాల పైలట్. 2008 టూర్‌లో బ్యాండ్‌నూ, సామాన్లనూ మోసిన బోయింగ్ 757ను తనే నడిపాడు. గాల్లో ఎగిరేటోడి భయం ఏందో తెలిసినోడు రాసిన పాట ఇది. మెల్లగా పియానోతో మొదలై, ఓడ ఆపదలో పడేసరికి డ్రమ్స్, గిటార్లు కలిసి ఎస్ఓఎస్ సిగ్నల్ లెక్క కొడతయి. ఒక్కసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని, లైట్లు ఆపి వినండి.

మరి లైవ్‌లో ఎందుకు రాలేదు? ఇందాక చెప్పిన కారణాలన్నీ దీనికి ఒక్కసారే తగుల్తయి. 18 నిమిషాలంటే మూడు పాటల జాగా. పియానో కావాలె, తీగల వాయిద్యాలు కావాలె. 2025లో మొదలైన టూరేమో 1980 నుంచి 1992 దాకా వచ్చిన మొదటి తొమ్మిది ఆల్బమ్‌ల పాటలకే. 2015 పాటకు అందులో దారే లేదు. కానీ పొడుగు ఒక్కటే అడ్డం అంటే నేను ఒప్పుకోను. అదే టూర్‌లో 13 నిమిషాలు దాటే 'రైమ్ ఆఫ్ ది ఏన్షియంట్ మెరినర్' వాయించారు కదా.

మన దాకా వస్తే?

మెయిడెన్ ఇండియాకు వచ్చింది 2007 మార్చి 17న బెంగళూరుకు, 2008 ఫిబ్రవరి 1న ముంబైకి, 2009 ఫిబ్రవరి 15న మళ్లీ బెంగళూరుకు. 2007లో బెంగళూరుకు ముందు దుబాయ్ డెజర్ట్ రాక్ ఫెస్టివల్‌లో కూడా వాయించారు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు నుంచి పనికి పోయినోళ్లు ఎంతమందో ఉన్న ఊరు అది.

2007 షోలో ఒక పాఠం ఉంది. 2006లో వాళ్లు కొత్త ఆల్బమ్ 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్'ను మొదటి నుంచి చివరి దాకా, పది పాటలూ వరుసగా వాయించారు. 2007కు వచ్చేసరికి వాటిని తగ్గించి పాత పాటలకు జాగా ఇచ్చారు. మొదటిసారి చూసేటోళ్లకు పాతవి కావాలె. అది తప్పు కాదు. బుగ్గారం నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి బెంగళూరు, పోను రాను బస్సు ఛార్జీ, టికెట్, రెండు రోజుల కూలి వదులుకుని పోయినోడికి 'ది ట్రూపర్' వినిపించకుంటే అన్యాయమే.

కానీ ఇంకో పాఠం ముంబైది. 2008లో వాళ్ల 'సమ్‌వేర్ బ్యాక్ ఇన్ టైమ్' టూర్ మొదలైందే ముంబైలో. ఏళ్ల తరబడి సెట్‌లో లేని 'రైమ్ ఆఫ్ ది ఏన్షియంట్ మెరినర్' ఆ టూర్‌లో తిరిగొచ్చింది. అంటే ఆ పాట కోసం ప్రపంచమంతా ఎదురుచూస్తుంటే, ముందుగా విన్నది మన దేశంలో నిలబడ్డోళ్లు. ఇండియాకు హిట్లు చాలు అనేటోళ్లకు ఇదే జవాబు.

అందుకే మీరు కూడా ఊరికే ఆశపడుడు కాదు, లెక్క వేసి ఆశపడండి. మీ పాట ఏ ఆల్బమ్‌ది? ఆ ఆల్బమ్‌కు 40 ఏళ్లో, 50 ఏళ్లో ఎప్పుడు నిండుతయి? ఇప్పటి టూర్ దేని చుట్టూ కట్టిన్రు? 1984 నాటి 'ది డ్యూయలిస్ట్స్', 1983 నాటి జపాన్ ఖడ్గవీరుడి పాట 'సన్ అండ్ స్టీల్' కూడా ఇంకా స్టేజీ ఎక్కలేదు. వాటికీ ఆల్బమ్‌ల దారి ఉంది. 'ఎంపైర్'కు ఉన్న దారి సన్నం. బ్యాండ్‌లో పెద్దోళ్లందరికీ వయసు మీద పడ్తున్నది, అదొక్కటే నా భయం. అయినా దాదాపు 37 ఏళ్లు ఆగిన పాట వచ్చిందని మన కళ్లముందే చూసినం కాబట్టి, నేను ఆశ వదల్లేదు.

మీకు ఏ బ్యాండ్ ఇష్టమైతే ఆ బ్యాండ్‌ది ఒక్క పాట చెప్పండి. లిస్టు వద్దు, ఒక్కటే. ఎందుకో కూడా చెప్పండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.